గురువు వాన కాదు

భరతుడి నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలోనే ఒక గొడవ జరుగుతుంది. ఇంద్రధ్వజోత్సవం నాడు దేవతల ఎదుట తొలి ప్రదర్శన. దేవతలు గెలవడం, దైత్యులు ఓడిపోవడం కథ. చూడవచ్చిన దైత్యులు విఘ్నాలు పెట్టి నటుల మాట, నడక, జ్ఞాపకం అన్నీ కొయ్యబారేలా చేశారు. ఇంద్రుడు ధ్వజం కర్ర తీసుకుని వాళ్లను చితకబాదాడు. దెబ్బలతో పని తీరలేదు. నాట్యశాల కట్టించి చుట్టూ కావలి పెట్టారు, అయినా సరిపోలేదు. చివరకు బ్రహ్మ ఆ దైత్యులనే పిలిచి సంగతేమిటని అడిగాడు. దైత్యుల తరఫున విరూపాక్షుడు చెప్పినదాని సారం ఇది: దేవతలూ మేమూ నీలోంచే పుట్టాం, అట్లాంటప్పుడు వాళ్ల కోసం మమ్మల్ని తక్కువ చేసి చూపే విద్యను నువ్వెట్లా తయారుచేస్తావు? బ్రహ్మ దబాయించలేదు. నాట్యం మీ ఒక్కరి కథా కాదు, దేవతల ఒక్కరి కథా కాదు, మూడు లోకాల నడవడీ అందులో ఉంటుందని నచ్చజెప్పాడు. మన సంప్రదాయం తన నాట్య చరిత్రను పక్షపాతం మీద ఒక ఫిర్యాదుతో మొదలుపెట్టుకుంది. కర్ర పనిచేయని చోట కారణం చెప్పి ఆ ఫిర్యాదు తీర్చింది. పిల్లల డాన్సు క్లాసుల దగ్గర ఈ కథ ఎవరికీ గుర్తు రాదు.

తూప్రాన్ దాటి కామారెడ్డి వైపు పోతుంటే 44వ నంబరు జాతీయ రహదారి మీద తగిలే రామాయంపేట లాంటి ఊళ్లలో పిల్లల బాలే క్లాసు కోసం వెతకడం వృథా. ఇటువంటి పట్టణాల పిల్లలు నేర్చుకుంటే కూచిపూడి, భరతనాట్యం, ఈ మధ్య పేరిణి. అంతకన్నా ఎక్కువగా స్కూలు వార్షికోత్సవం కోసం సినిమా పాటలు. కానీ లండన్‌లో బాలే క్లాసు బయట నిలబడ్డ తల్లి మనసులో ఉండే బాధా, ఇక్కడి తల్లి మనసులో ఉండే బాధా ఒకటే. “మా పాపను ఎప్పుడూ వెనక వరుసలోనే నిలబెడుతున్నరు.” మిగతావన్నీ దీని వెంట వస్తాయి. కృష్ణుడి వేషం ప్రతిసారీ ఒక్క పిల్లకేనా? రంగు తక్కువని పక్కన పెట్టారా? ఫీజు ఆలస్యమైందనా? టీచరుగారి చుట్టాల పిల్ల కాబట్టేనా ఆ సోలో? ఇవి చిల్లర గొడవలని కొట్టిపారేయడం తేలిక. నేను అట్లా అనుకోను. ఏడెనిమిదేళ్ల పిల్లకు ‘నీకూ పక్క పిల్లకూ ఒకే లెక్క కాదు’ అని ఇంటి బయటి పెద్దవాళ్లు మొదటిసారి చెప్పేది చాలాసార్లు ఇక్కడే. పైగా నృత్యం క్లాసు మామూలు ట్యూషన్ కాదు. అక్కడ పిల్లలు ముందు భూమికి, తర్వాత గురువుకు మొక్కి అడుగు వేస్తారు. గురువే బ్రహ్మ, గురువే విష్ణువు అని చెప్పిస్తాం. అలా గురువును దేవుడి పీఠం మీద కూర్చోబెట్టాక, దేవుడి మీద వచ్చిన అభియోగం గురువుకూ తగులుతుంది.

ఆ అభియోగం పాతది. బాదరాయణుడి బ్రహ్మసూత్రాలు రెండో అధ్యాయం మొదటి పాదంలో దాన్ని సూటిగానే ఎత్తుకున్నాయి. ఒకడు సుఖంలో పుడతాడు, ఒకడు దుఃఖంలో పుడతాడు. ఈ లోకాన్ని చేసింది ఈశ్వరుడే అయితే ఆయనకు వైషమ్యం (పక్షపాతం), నైర్ఘృణ్యం (కనికరం లేకపోవడం) రెండూ అంటుకుంటాయి కదా? సూత్రకారుడి జవాబు ఒక్క మాటలో ఉంది: సాపేక్షత. ఈశ్వరుడు తన ఇష్టం కొద్దీ పంచడం లేదు, జీవుల కర్మను బట్టి పంచుతున్నాడు. ఈ సూత్రాలకు భాష్యం రాసిన శంకరుడు దీనికి వానను పోలిక తెచ్చాడు. వాన వడ్లకూ యవలకూ ఒకటే. ఇది వరిగా, అది యవగా మొలవడం ఆ గింజల్లో ఉన్న శక్తి వల్ల. ఈ సమాధానం ఈశ్వరుడి విషయంలో సరిపోయిందా లేదా అన్నది వేదాంతులు వందల ఏళ్లుగా తేల్చుకుంటున్న సంగతి, నేను అటు పోను. నాకు కావలసింది ఆ వాదం పద్ధతి. అక్కడ ఈశ్వరుణ్ని నిర్దోషిని చేసింది ఆయన గొప్పతనం కాదు. ఆయన పంపకానికి ఆయన ఇష్టాయిష్టాల బయట ఒక ఆధారం ఉందని చూపించారు, అందుకే బయటపడ్డాడు. దేవుడి తరఫున వాదించేవాళ్లే ‘ఆయన ఇష్టం’ అని ఊరుకోలేదు. అటువంటప్పుడు ‘టీచరుగారి ఇష్టం’ అన్న జవాబు ఒక మనిషికి ఎట్లా చెల్లుతుంది?

చాలామంది గురువులు తెలియకుండానే శంకరుడి పోలికనే వాడతారు. ‘నేను అందరికీ ఒకటే చెప్తాను, పట్టుకునే పిల్ల పట్టుకుంటుంది’ అంటారు. అంటే తాను వాన, పిల్లలు గింజలు. వానకు పొలం యజమాని పేరు తెలియదు, గురువుకు పిల్ల తండ్రి ఎవరో తెలుసు. వాన ముందు మడి, వెనక మడి అని ఎంచదు, గురువు వరుసలు ఎంచుతాడు. ఈ వరుసల సంగతి కాస్త నిదానంగా చూడాలి, అసలు విషయం అక్కడే ఉంది. కూచిపూడి అయినా భరతనాట్యం అయినా మొదటి ఏళ్ల చదువంతా పాదాల్లో, మోకాళ్లలో, నడుములో ఉంటుంది. అరమండి ఎంత వంగాలి, మడమ ఎప్పుడు నేల తాకాలి అన్నవి చెబితే రావు, చూస్తే వస్తాయి. తప్పు చేసిన క్షణంలో ఎవరైనా దిద్దితే నిలబడతాయి. ముందు వరుసలో ఉన్న పిల్లకు గురువు పాదాలు కనిపిస్తాయి, గురువుకు ఆమె పాదాలు కనిపిస్తాయి. మూడో వరుసలో ఉన్న పిల్లకు కనిపించేది రెండో వరుస పిల్ల వీపు. ఆమె గురువును కాదు, ముందున్న పిల్లను అనుకరిస్తుంది, ఆ పిల్ల తప్పులతో సహా. ఆర్నెల్ల తర్వాత ‘చూడండి, ఈ పిల్ల బాగా చేస్తోంది, ఆ పిల్ల చేయడం లేదు’ అంటే ఆ తేడా గింజలోంచి వచ్చిందని ఎవరు చెప్పగలరు? సగం తేడా నిలబెట్టిన చోటు నుంచే వచ్చింది.

మహాభారతం ఆదిపర్వంలో ఇదే సంగతి ఒక కుండ రూపంలో ఉంది. ద్రోణుడు నీళ్లు తెమ్మని శిష్యులందరికీ సన్నమూతి పాత్రలిచ్చి, కొడుకు అశ్వత్థామకు మాత్రం వెడల్పు మూతి కుండ ఇచ్చాడు. అది త్వరగా నిండుతుంది. మిగతావాళ్లు వచ్చేలోపు కొడుకుకు పైవిద్య చెప్పేవాడు. విలువిద్య పరీక్షలో ద్రోణుడు ఎంత నిష్పక్షపాతంగా ఉన్నా, పక్షపాతం అంతకు ముందే, నీళ్ల దగ్గరే జరిగిపోయింది. ఇది కనిపెట్టింది అర్జునుడు ఒక్కడే. వారుణాస్త్రంతో పాత్ర నింపుకుని అశ్వత్థామతో సమానంగా తిరిగివచ్చాడు. మనం ఈ కథను అర్జునుడి తెలివికి మెచ్చుకుంటూ చెప్పుకుంటాం. అస్త్రం తెలియని మిగతా పిల్లల సంగతి ఎవరికీ పట్టదు. ఇప్పటి క్లాసుల్లో ఆ వారుణాస్త్రం పేరు ‘స్పెషల్ క్లాసు’. స్తోమత ఉన్న తల్లిదండ్రులు ఆదివారం విడిగా ఫీజు కట్టి పాత్ర నింపిస్తారు. నేను ఇందులోంచి తీసుకునే మాట ఇదే: తల్లిదండ్రుల తగాదా స్టేజి మీది ముందు వరుస గురించి వస్తోంది, అప్పటికి చాలా ఆలస్యమై ఉంటుంది. అడగాల్సింది క్లాసులోని ముందు వరుస గురించి. స్టేజి మీద బాగా చేసే పిల్లను ముందు నిలబెట్టడం న్యాయమే, క్లాసులో చూపు అందరికీ సమానంగా పడి ఉంటే.

‘కళ రేషన్ దుకాణం కాదు, ప్రతిభ ఉన్నవాళ్లనే ముందుకు తేవాలి’ అన్నది బలమైన ఆక్షేపణ. అరిస్టాటిల్ కూడా రాజనీతి గ్రంథంలో మంచి వేణువు మంచి వాయిద్యగాడికి దక్కాలన్నాడు, గొప్ప కుటుంబంలో పుట్టినవాడికి కాదు. ఒప్పుకుంటాను. అమర్త్య సేన్ 2009 నాటి తన న్యాయసిద్ధాంత గ్రంథంలో అదే వేణువును ముగ్గురు పిల్లల మధ్య పెట్టాడు: ఒకరికి వాయించడం వచ్చు, ఒకరికి ఆడుకోవడానికి వేరే ఏ వస్తువూ లేదు, ఒకరు దాన్ని తయారుచేశారు. ముగ్గురి వాదనా తీసిపారేయలేనిదే అంటాడాయన. నేను నాలుగో పిల్లను కలుపుతాను: వేణువు ఎప్పుడూ చేతికి ఇవ్వనందువల్ల వాయించడం రాని పిల్ల. ఆరేళ్ల వయసులో ప్రతిభ అని మనం చూసేది చాలావరకు వయసు, ఒడ్డూపొడుగూ, ధైర్యం. కెనడా హాకీ ఆటగాళ్ల పుట్టినరోజులను పరిశీలించిన రోజర్ బార్న్‌స్లీ, ఆయన సహచరులు 1985లో ఒక విచిత్రం చూపించారు. అక్కడ వయసు వర్గానికి జనవరి 1 గీత. పెద్ద జట్లలో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్లు చివరి నెలల్లో పుట్టినవాళ్లకన్నా బాగా ఎక్కువగా ఉన్నారు. చిన్నప్పుడు కొన్ని నెలల పెద్దతనాన్ని ప్రతిభ అనుకుని ఎంచారు, ఎంచినవాళ్లకు మంచి శిక్షణ ఇచ్చారు, శిక్షణ వల్ల వాళ్లు నిజంగానే మెరుగయ్యారు. ఎవరూ మోసం చేయలేదు. వెడల్పు మూతి కుండ అందించిన చేయి ఎవరిదో కూడా తెలియదు.

బ్రహ్మసూత్రాల్లో ఈశ్వరుడి పక్షపాతం గురించిన ఆ సూత్రం తర్వాతిది ఇంకా పదునైనది. సరే, కర్మను బట్టి పంచాడంటున్నారు, సృష్టి మొదట్లో కర్మే లేదు కదా, మొదటి తేడా ఎక్కడ నుంచి వచ్చింది? సంసారం అనాది, దానికి మొదలు లేదు అన్నది జవాబు. గురువుకు ఈ జవాబు దొరకదు. క్లాసుకు మొదటి రోజు ఉంది. మన దగ్గర చాలాచోట్ల అది విజయదశమి. అయినా ఆ రోజు పిల్లలు సమానంగా రారు. వాళ్ల వెనక ఒక అనాది ఉంది, దాని పేరు చరిత్ర. సర్వవర్ణాలకూ అందాలని బ్రహ్మ ఐదో వేదంగా చేశాడని నాట్యశాస్త్రం చెప్పే ఈ విద్య, కృష్ణాతీరపు కూచిపూడిలో తరాల తరబడి కొన్ని బ్రాహ్మణ కుటుంబాల మగవాళ్ల చేతిలోనే ఉండింది. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా అంత పేరు పొందిన కాలంలోనే ఆ ఊరి సంప్రదాయ కుటుంబాల ఆడపిల్లకు గజ్జె కట్టే హక్కు లేదు. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి బయటి స్త్రీలకు నేర్పారు. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టాక ఆడపిల్లలు వందల్లో వచ్చారు. అదే శతాబ్దంలో నిజంగా నాట్యం తెలిసిన కలావంతుల స్త్రీలు 1947 మద్రాసు దేవదాసీ చట్టం నాటికే గుడి నుంచీ గౌరవం నుంచీ దూరమయ్యారు. నటరాజ రామకృష్ణ వాళ్ల దగ్గర కూర్చుని ఆ విద్యను ఆంధ్రనాట్యంగా నిలబెట్టకపోతే ఇంకా చాలా పోయేది. ఇటు నిజామాబాద్, మెదక్ పల్లెల్లో చిందు కళాకారులు యక్షగానాలే ఆడారు, పురాణ కథలే ఆడారు, చిందుల ఎల్లమ్మ వంటి స్త్రీలు వేషం కట్టి జనాన్ని రాత్రంతా కూర్చోబెట్టారు. ఒకటి శాస్త్రీయం అయింది, ఒకటి జానపదం అయింది. ఈ తేడా అడుగులోంచి మాత్రమే పుట్టిందని నేను నమ్మను. ఇవాళ్టి క్లాసులో ముఖాభినయం ‘సహజంగా వచ్చిన’ పిల్ల వెనకా, ‘బెరుకు’ పిల్ల వెనకా ఈ చరిత్ర కొంత నిలబడే ఉంటుంది.

రంగు సంగతీ అంతే. అమెరికన్ బాలే థియేటర్‌లో ఒక నల్లజాతి స్త్రీ తొలిసారి ప్రధాన నర్తకి అయింది 2015లో, ఆమె మిస్టీ కోప్‌లండ్. నల్ల పిల్లల పాదాల రంగుకు సరిపోయే పాయింట్ షూలు లండన్ ఫ్రీడ్ కంపెనీ తయారుచేసింది 2018లో. అంతకు ముందు వాళ్లలో చాలామంది గులాబీ రంగు షూలకు మేకప్ పూసుకున్నారు. మనం నవ్వనక్కరలేదు. 2024 మార్చిలో కేరళలో ఒక సీనియర్ నర్తకి, నల్లగా ఉన్న మగవాళ్లు మోహినీయాట్టానికి పనికిరారన్నట్టు మాట్లాడితే, ఆ మాట ఆర్.ఎల్.వి. రామకృష్ణన్‌ను ఉద్దేశించిందేనని రాష్ట్రమంతా గొడవైంది. కేరళ కళామండలం ఆయన్ను పిలిచి తన వేదిక మీద ఆడించింది. మన దగ్గర ఎవరూ అంత నోరు జారరు. మేకప్ డబ్బా మాట్లాడుతుంది, అంతే.

‘గురువును ప్రశ్నిస్తే విద్య రాదు, ఏకలవ్యుణ్ని చూడండి’ అంటారు కొందరు. చూద్దాం. ద్రోణుడు అతన్ని నిషాదుడని చేర్చుకోలేదు. తర్వాత బొటనవేలు అడిగింది విద్యా నియమం కోసం కాదు, నిన్ను మించిన శిష్యుడు నాకు ఉండడని అర్జునుడికి ఇచ్చిన మాట కోసం. అది ముందు వరుస వాగ్దానం. ఏకలవ్యుడి శ్రద్ధకు మొక్కవచ్చు, దాన్ని చూపించి ద్రోణుడికి మొక్కమనడం వేరు. కాళిదాసు ఇంకా కొంటెవాడు. మాళవికాగ్నిమిత్రంలో గణదాసు, హరదత్తుడు అనే ఇద్దరు నాట్యాచార్యులు ఎవరు గొప్ప అని తగవులాడతారు. తీర్పరి కౌశికి అనే పరివ్రాజిక. తెలిసినవాడు ఒకడు, నేర్పగలిగినవాడు ఒకడు, రెండూ ఉన్నవాడే గురువుల్లో మేటి అని నిర్ణయించి, శిష్యుల ప్రదర్శన చూడమంటుంది. చక్కటి ప్రమాణం. కానీ ఆ పోటీ అంతా రాజు మాళవికను కళ్లారా చూడటానికి విదూషకుడు పన్నిన పన్నాగం, తీర్పరికీ అందులో భాగముంది. ప్రమాణం సరైనదైనా దాన్ని పట్టుకున్న చేయి ఎవరిదని అడగాలని కాళిదాసుకు బాగా తెలుసు. అడగకపోతే ఏమవుతుందో వియన్నాలో చూశారు. 2019లో అక్కడి స్టేట్ ఒపేరా బాలే అకాడమీలో పిల్లలను అవమానించడం, గాయపరచడం మీద ఆరోపణలు వచ్చాక వేసిన ప్రత్యేక కమిషన్, పిల్లలకు తగిన రక్షణ లేదని తేల్చింది. సమర్పణ పేరుతో మౌనం పెంచిన చోట ఇటువంటివి ఏళ్ల తరబడి బయటపడవు.

డబ్బు ఆక్షేపణ నిజాయితీగలది. చిన్న ఊళ్లో నృత్యం నేర్పే మనిషికి జీతం లేదు, పింఛను లేదు. హాలు అద్దె, ఆహార్యం, నగలు, మేకప్ మనిషి, అన్నీ ఆ ఫీజుల్లోంచే. నాలుగు డబ్బులు ఎక్కువ ఇచ్చిన ఇంటి పిల్లను ముందు నిలబెట్టకపోతే వచ్చే ఏడాది క్లాసే ఉండదు. ఆ ఇబ్బందిని నేను తేలిగ్గా తీసుకోను. కానీ ఖర్చు పంచుకోవడం ఒకటి, చోటు అమ్మడం ఒకటి. ఆహార్యానికి ఇంత అని చెప్పి తీసుకోవచ్చు, కట్టలేని పిల్లకు పాత ఆహార్యం ఇవ్వవచ్చు. చోటును ప్రతిభ పేరుతో ఇచ్చి డబ్బును చాటున తీసుకుంటే, వెనక నిలబడ్డ పిల్ల తన చేతకానితనమే కారణం అనుకుంటుంది. ఆ అబద్ధం ఆ పిల్ల ఒంట్లో ఉండిపోతుంది.

ఇక తల్లిదండ్రుల మీద ఆక్షేపణ. ఇది నాకు అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది. వాళ్లు అడిగేది న్యాయమా, తమ పిల్లకు చోటా? భగవద్గీత మొదటి మాట ధృతరాష్ట్రుడిది. ఆ ప్రశ్నలోనే ఆయన పిల్లలను ‘నావాళ్లు’ అనీ, ‘పాండుపుత్రులు’ అనీ రెండుగా చీల్చేశాడు. తండ్రి పక్షపాతం గురువు పక్షపాతం కన్నా తక్కువేమీ కాదు. కేరళ పాఠశాల కళోత్సవం 1957 నుంచి నడుస్తోంది. కళాతిలకం, కళాప్రతిభ బిరుదుల కోసం పిల్లల పేరుతో పెద్దవాళ్లు అంతగా పోట్లాడుకున్నారు కాబట్టి దాదాపు ఇరవయ్యేళ్ల కిందట ఆ బిరుదులే తీసేశారు. ఫలితాల మీద అప్పీళ్లు కోర్టుల దాకా వెళ్లాయి. అప్పీలుకు తిరిగే స్తోమత ఉన్న ఇంటి పిల్లకు అక్కడా మరో అవకాశం వచ్చింది. కాబట్టి ఫిర్యాదు చేసే హక్కు ఒక్కటే న్యాయం తేలేదు. ఫిర్యాదుకు నేను ఒకటే పరీక్ష పెడతాను: వెనక వరుసలో అన్యాయంగా నిలబడ్డది పక్కింటి పిల్ల అయినా మీరు టీచరుగారిని అడిగేవాళ్లేనా? అడగరంటే మీది బాధే, దాన్ని బాధగానే గౌరవిద్దాం, న్యాయం అనొద్దు.

మెదక్ ఆడవాళ్లకు వరుసలు లేని నృత్యం తెలుసు. బతుకమ్మ చుట్టూ తిరిగేటప్పుడు ముందు, వెనక ఉండవు. వంగి చప్పట్లు కొట్టే ప్రతి మనిషికీ మిగతా అందరి ముఖాలూ కనిపిస్తాయి. దీన్ని మరీ ఆదర్శంగా చెప్పలేను. ఊరి బతుకమ్మ వేరు, వాడ బతుకమ్మ వేరు అన్న రోజులు ఎంతో దూరంలో లేవు, వలయానికి కూడా లోపల, బయట ఉంటాయి. వేదిక మీద వరుసలు తప్పవు, ప్రేక్షకులు ఒక వైపే కూర్చుంటారు. క్లాసులో ప్రేక్షకులు లేరు. అక్కడ వలయం కట్టవచ్చు, వరుసలు వారం వారం మార్చవచ్చు. స్టేజికి ఎంచేటప్పుడు మాత్రం ఎంపిక కారణం ముందే అందరి ఎదుటా చెప్పాలి.

వచ్చే విజయదశమికి కొత్త పిల్లలు చేరతారు. రామాయంపేటలో గానీ మరోచోట గానీ నృత్యం నేర్పే గురువులకు ఒక విన్నపం: ఆ రోజు గోడకు ఒక కాగితం అంటించండి. క్లాసులో వరుసలు ఎప్పుడెప్పుడు మారతాయో, వార్షికోత్సవంలో ముందు నిలబడేవాళ్లను దేన్ని బట్టి ఎంచుతారో అందులో రాయండి. తల్లిదండ్రులు చదివేలా, పిల్లలకు అర్థమయ్యేలా పెద్ద అక్షరాలతో రాయండి.